తీర్మానంలో రాసిన ఆరడుగులు

సూర్యాపేట నుంచి చివ్వెంల వైపు పోయే పొద్దుటి బస్సులో నేను తొమ్మిదేళ్ళు తిరిగాను. మాది కోదాడ. మా ఆయనకు మిర్యాలగూడలో రైసు మిల్లులో పని. ఇద్దరికీ అందుబాటుగా ఉంటుందని సూర్యాపేటలో ఇల్లు కిరాయికి తీసుకున్నాం. ఆయన ఒక బస్సెక్కి అటు పోతే నేను ఇంకో బస్సెక్కి ఇటు పోయేదాన్ని. చివ్వెంల దాటాక ఒక చిన్న ఊళ్ళో, ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటున్నాం. నేను రిటైరై రెండేళ్ళు దాటింది. అయినా ఆకాశం మబ్బేసి నాలుగు చినుకులు పడితే చాలు, మనసు ఆ ఊరి చెరువు మీదికి పోతుంది. ఎంత నీళ్ళు చేరాయో అనిపిస్తుంది.

ఆ ఊరికి పోయిన కొత్తలో నా మాటకు అందరూ నవ్వేవాళ్ళు. కోదాడ మాట కాస్త కృష్ణ అవతలి గాలి సోకిన మాట. ‘చూడండి’, ‘వస్తుందండీ’ అంటూ పాఠం చెబుతుంటే వెనక బెంచీల్లో కిసకిసలు. ఊళ్ళో పెద్దవాళ్ళు నాకు ‘ఆంధ్ర టీచరమ్మ’ అని పేరు పెట్టేశారు.

“కోదాడ కూడా మీ జిల్లానే కదండీ” అనేదాన్ని.

“జిల్లా మాదే గని, నీ మాట బార్డర్ దాటింది టీచరమ్మా” అనేవాళ్ళు.

బడి వెనక గోడకు అవతల చెరువు కట్ట. నా తరగతి కిటికీలోంచి చూస్తే కట్ట, కట్ట మీద తుమ్మచెట్లు, తూము రాతి స్తంభం కనిపించేవి. తూము ఉందే గాని దాని అవసరం ఎవరికీ పడేది కాదు. నేను చేరేనాటికి చెరువు ఉత్త గడ్డి బీడు. గొర్రెలు మేసేవి. మా ఆడపిల్లలు దాంట్లో ఖోఖో ఆడుకునేవాళ్ళు.

నాలుగో ఏడు వానాకాలంలో పై కాలువ పని పూర్తయింది. ఒకరోజు మధ్యాహ్నం నేను పదో తరగతికి త్రికోణమితి చెబుతుంటే బయట కేకలు వినిపించాయి. నీళ్ళొస్తున్నాయట. మా హెడ్‌మాస్టరు గంట కొట్టించేశారు. పిల్లలూ మేమూ అందరం కట్ట మీదికి ఉరికాం. చెరువు అవతలి చివరి నుంచి మట్టి రంగు నీళ్ళు, ఎండిన గడ్డినీ మేకపెంటికలనూ ఎవరిదో తెగిన చెప్పునూ తోసుకుంటూ మెల్లగా వస్తున్నాయి. పెద్ద ప్రవాహమేమీ కాదు, మనిషి నడిచే నడక. ఆ నీళ్ళకు ముందు ఒక ముసలాయన వెనక్కి వెనక్కి నడుస్తూ వస్తున్నాడు. పంచె మోకాళ్ళ పైకి కట్టి, చేత్తో ఒక ఇనుప కడ్డీ పట్టుకుని, నీళ్ళకు దారి చూపించి తీసుకొస్తున్నట్టే ఉన్నాడు.

“ఆయనెవరండీ?” అని పక్కనున్నామెను అడిగాను.

“మా నీరటి. ఇన్నేండ్లకు పని దొరికింది పాపం” అందామె.

నీరటి అంటే చెరువు తూము తెరిచి మూసే మనిషి. ఏ పొలానికి ఎప్పుడు నీళ్ళు పారాలో చూసే మనిషి. వాళ్ళ తాత చేశాడు, తండ్రి చేశాడు, తను చేశాడు. చెరువు ఎండాక మాత్రం కూలికి పోతూ, ఎవరన్నా ‘నీరటీ’ అని పిలిస్తే సిగ్గుపడేవాడట.

మూడు వారాల్లో చెరువు నిండి, ఎక్కువైన నీళ్ళు అలుగు మీదుగా పారాయి. ఆ రోజుల్లో ఊరంతా సాయంత్రం కట్ట మీదే. మక్కబుట్టలు కాల్చుకు తినేవాళ్ళు, అలుగు కింద బట్టలుతికేవాళ్ళు, ఊరికే కూర్చుని నీళ్ళు చూసేవాళ్ళు. నేను కూడా ఒక బస్సు వదిలేసి తర్వాతి బస్సుకు పోయేదాన్ని. ఇంటికి ఆలస్యంగా వచ్చినందుకు మా ఆయన అడిగితే “చెరువు చూస్తూ కూర్చున్నా” అనేదాన్ని. “అందులో చూడ్డానికేముంది?” అనేవాడు. ఏముందో చెప్పడం నాకు చేతనయ్యేది కాదు.

మరుసటి ఏడు మళ్ళీ చెరువు నిండింది. గొడవలు కూడా అప్పుడే మొదలయ్యాయి.

ఒకరోజు పొద్దున అలుగు మీద ఇసుక బస్తాలు రెండు వరసలు పేర్చి ఉన్నాయి. కట్ట కింద ఆయకట్టు రైతులు వేశారు. ఇంకో రెండడుగులు నీళ్ళు ఎక్కువ నిలిస్తే యాసంగి వరికి ఢోకా ఉండదని వాళ్ళ ఆలోచన. కానీ చెరువు అవతలి ఒడ్డున శిఖం భూములున్నాయి. నీళ్ళు నిండితే మునిగి, నీళ్ళు తగ్గితే తేలే భూములు. ఆ తేమ మీదే వాళ్ళు పంట తీసుకోవాలి. బస్తాలు వేసిన రెండోనాటికి, ఎప్పుడూ మునగని చేలు కూడా కొన్ని మునిగాయి. వాళ్ళొచ్చి బస్తాలు పీకి చెరువులోకి విసిరేశారు. వీళ్ళు కర్రలు తీశారు. మధ్యలో చేపల సంఘం వాళ్ళు వచ్చారు.

“మీరు మీరు తన్నుకొని ఒకలు నింపుతమంటరు, ఒకలు ఎండబెడ్తమంటరు. మేం ఇడిసిన చేపపిల్లలు ఏడికి పోవాలె? రోడ్డెక్కాల్నా?” అని వాళ్ళ పెద్ద అరిచాడు. ఆయన గొంతు మైకు అక్కర్లేని గొంతు. మా తరగతిలోకి కూడా వినిపించింది.

పోలీసు జీపొచ్చి అందరినీ చెదరగొట్టింది. ఆ తర్వాత నాలుగు రోజులకు నీటిపారుదల ఇంజినీరు మోటారు సైకిల్ మీద వచ్చాడు. ముప్పై దాటని కుర్రాడు. ఊళ్ళో ఎవరింట్లో కూర్చున్నా ఏదో ఒక పక్షం ఇల్లవుతుందని, మా బడి వరండా అడిగాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరినీ పిలిపించాడు. హెడ్‌మాస్టరు నన్ను కూడా రమ్మన్నారు. పొద్దున చర్చి నుంచి నేరుగా బస్సెక్కి పోయాను.

ఇంజినీరు నిలబడి సూటిగా చెప్పాడు. “నీళ్ళు ఎప్పుడు వదలాలో, ఎంత దగ్గర ఆపాలో నేను ఆఫీసులో కూర్చుని రాస్తే మీరెవరూ ఒప్పుకోరు. ఈ చెరువు మీకు తెలిసినంత నాకు తెలవదు. మీరే మాట్లాడుకొని చెప్పండి. అది తీర్మానంగా రాసుకుందాం. దాని ప్రకారమే నేను ఆర్డరిస్తా.”

ఇంతకుముందు వాళ్ళను అట్లా అడిగినవాళ్ళు లేరు. ఆ తర్వాత తీర్మానం ఎవరు రాయాలనే దాని మీదే అరగంట గొడవ. ఆయకట్టువాళ్ళు ఒక పేరు చెబితే శిఖంవాళ్ళు వద్దన్నారు. వాళ్ళు చెబితే వీళ్ళు వద్దన్నారు. చివరికి చేపల సంఘం పెద్ద నా వైపు చెయ్యి చూపించాడు.

“గీ ఆంధ్ర టీచరమ్మ రాస్తది. ఈమెకు ఈడ గుంట భూమి లేదు. చెరువు నిండినా ఎండినా ఈమెకేం ఫరక్ పడదు. అండ్లనూ లెక్కల టీచర్.”

అందరూ నవ్వి ఒప్పుకున్నారు. నేను తెల్ల కాగితాల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. లోపల చాలా గర్వంగా ఉంది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, నిజం అదే.

మూడు గంటలు మాట్లాడారు. మొదట పాత కక్షలన్నీ బయటికొచ్చాయి. తర్వాత తర్వాత నీళ్ళ మాట మొదలైంది. అలుగు మీద బస్తా వేయకూడదని తేలింది. యాసంగి నారుమళ్ళకు, దమ్ములకు తూము తెరిచి నీళ్ళు తీసుకుంటూ చెరువును మెల్లగా దించాలి. అట్లా దించితే కార్తీకం వెళ్ళేసరికి శిఖం భూములు తేలతాయి. ఒక మట్టం దగ్గర తూము మూసేయాలి, ఆ మిగిలిన నీళ్ళు చేపలకు. ఆ పైన వరికి కాలువ నుంచే నీళ్ళు అందుతాయి. అయితే ఆ మట్టం ఎంత?

అందరూ నీరటి వైపు చూశారు. ఆయన అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు.

“ఆరు కాడ బంద్ వెడితే అందరికీ మంచిగుంటది. చేనూ తేల్తది, చేపా బతుకుతది” అన్నాడు.

“ఆరే. ఆరు కాడ ఆపుదాం” అన్నారు ఇరువైపులవాళ్ళు. ఇంజినీరు తల ఊపాడు.

నేను రాశాను. ఉత్త ‘ఆరు’ అని రాస్తే తర్వాత తగాదా వస్తుందని, లెక్కల టీచర్ని కదా, స్పష్టంగా ఉండాలని ‘గేజీ మీద ఆరు అడుగుల మట్టం వద్ద తూము మూసివేయవలెను’ అని రాశాను. అంతకుముందు ఎండాకాలంలోనే ఇంజినీరు తూము స్తంభం మీద తెల్లరంగుతో అడుగుల గుర్తులు వేయించాడు. అడుగున సున్నా, పైన అలుగు మట్టానికి పది. రోజూ కిటికీలోంచి నేను చూసేవే ఆ అంకెలు. నా బస్సుకు టైమైపోతోంది. గబగబా సంతకాలు, వేలిముద్రలు తీసుకుని, పుస్తకం ఇంజినీరు చేతికిచ్చి పరుగెత్తాను. రాసింది ఒకసారి చదివి వినిపించాలని నాకు గాని, ఇంకెవరికి గాని తోచలేదు.

కార్తీకం వచ్చింది. తూము తెరిచారు. చెరువు దిగుతూ వచ్చింది. ఒకరోజు ఆఫీసు మనిషి వచ్చి కాగితం చూపిస్తే నీరటి తూము మూశాడు. ఆ ఏడు కాలువ నీళ్ళు కాస్త ముందే రావడంతో ఆయకట్టువాళ్ళు పట్టించుకోలేదు. శిఖం భూముల్లో ఎత్తు మీదున్నవి తేలాయి. వాళ్ళు దున్నుకున్నారు. పల్లంలో ఉన్న మూడు నాలుగు చేలు మాత్రం నీళ్ళలోనే ఉన్నాయి.

అందులో ఒకటి ఒక యాభై ఏళ్ళామెది. భర్త లేడు. అర ఎకరం. మీటింగులో ఒక్క మాటా మాట్లాడలేదు, వేలిముద్ర మాత్రం వేసింది. ఆమె రోజూ పొద్దున కట్ట మీదికి వచ్చి నిలబడి పోయేది. కిటికీలోంచి నాకు కనిపించేది. ఒకరోజు మధ్యాహ్నం టిఫినుడబ్బా కడుక్కోవడానికి కట్ట కింది బోరు దగ్గరికి పోతే ఎదురొచ్చింది.

“టీచరమ్మా, జర ఒక మాట. ఆరు కాడ ఆపుతం అన్నరు గద. ఆరు ఇంకెప్పుడైతది? మక్కలు తెచ్చి ఇంట్ల పెట్టుకున్న. అదను పోతున్నది.”

నేను స్తంభం వైపు చూపించాను. నీళ్ళు సరిగ్గా ఆరు అంకెను తాకుతున్నాయి.

“ఆరు దగ్గరే ఆపారక్కా. అదుగో చూడండి, ఆరు.”

ఆమె ఆ అంకె వైపు చూసింది. ఆమెకు అంకెలు రావు. “సదువుకున్నదానివి, నీకు తెల్వదా” అని మెల్లగా అని వెళ్ళిపోయింది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే నాకు తెలుసని అనుకుంది. నేను కూడా అట్లాగే అనుకుని డబ్బా కడుక్కుని క్లాసుకు పోయాను.

ఇంకో వారానికి నీరటి బడి దగ్గరికి వచ్చాడు. భోజనాల గంట. వరండా మెట్టు మీద కూర్చుని తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన్ని నేను తాతా అనేదాన్ని.

“ఏం తాతా, ఒంట్లో బాలేదా?”

“పాణం మంచిగనే ఉంది బిడ్డా. మతే సక్కగ లేదేమోనని పరేషాన్ అయితున్న” అన్నాడు. “మీటింగుల నేను ఆరన్న. యాదికున్నది. అయితే గది ఆరు గాదు గద. నాలుగు మెట్లు కానొస్తున్నయి, అంతే. ఇంక రెండు తేలాలె. గా ఆఫీసు పిలగాడు కాగితం సూపిచ్చి గీడనే బంద్ పెట్టమన్నడు. కాగితంల గట్లనే ఉందంట. మరి నేనే తప్పు చెప్పిన్నేమో. ముసలోన్ని అయితి. ఆమె చేను మునిగింది నా వల్లనే గావొచ్చు.”

“మెట్లేంటి తాతా?” అన్నాను.

ఆయన నన్ను కట్ట మీదికి తీసుకుపోయాడు. తూము పక్కన చెరువులోకి దిగే రాతి మెట్లు పది ఉన్నాయి. అవి నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఒక్కో మెట్టు ఒక్కో అడుగు ఎత్తు.

“ఇగ సూడు. మా నాయినప్పటి సంది మీదికెల్లే లెక్క. ఒకటి తేలితే ఒకటి. ఆరు తేలితే ఆరు. ఊళ్ళె ఎవర్నన్నా అడుగు, ఆరు కాడ అంటే ఆరు మెట్లు బయట అని.”

నేను పై మెట్టు మీద కూర్చున్నాను. పైనుంచి ఆరు మెట్లు తేలితే, స్తంభం మీద నాలుగు. నేను రాసింది ఆరు. రెండడుగుల నీళ్ళు ఎక్కువ. ఆ రెండడుగుల కిందే ఆమె చేను. పదో తరగతి పిల్లలకు ‘ఎక్కడి నుంచి కొలుస్తున్నారో ముందు రాయండి’ అని వందసార్లు చెప్పే మనిషిని నేను. ఆరు ఎక్కడి నుంచి అని ఆ రోజు ఒక్కమాట అడగలేదు.

“తాతా, తప్పు మీది కాదు. నాది. మీరు ఆరు మెట్లు అన్నారు. నేను ఆరు అడుగులు అని రాశాను. కాగితంలో తప్పు నేనే రాశాను.”

ఆయన తిడతాడనుకున్నాను. ఆయన నా మొహం వైపు చూసి, తర్వాత మెట్ల వైపు చూసి, గుండె నిండా గాలి పీల్చి వదిలాడు.

“అయితే నాకు మతి పోలే” అన్నాడు. “గంతే చాలు బిడ్డా. వారం సంది అన్నం సైసలే. మా ఇంటిదానితోని కూడా అనలే, నవ్వుతదని.”

ఆయన కోపం చేసినా నాకు అంత కష్టంగా ఉండేది కాదు. తను పుట్టి పెరిగిన చెరువు లెక్క తనకు తెలియదేమోనని, నా రాత చూసి వారం రోజులు అనుమానపడ్డాడు ఆయన. చదువు రానివాళ్ళ ముందు కాగితానికి ఎంత బలముంటుందో ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు నాకు తెలిసింది.

సాయంత్రం ఇంజినీరుకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. “తప్పు మీ ఒక్కరిదే కాదు టీచర్ గారూ, నేను కూడా సంతకం పెట్టాను కదా” అన్నాడు. “సవరణ ఆర్డరు రేపే పంపిస్తా. మీరు అందరి ముందూ చెప్పుకోవాల్సిన పనిలేదు. ఊరికే రచ్చ అయితది.”

“లేదండీ. అందరి ముందు రాశాను. అందరి ముందే చెప్పాలి” అన్నాను. ధైర్యంగా అన్నానని కాదు. చెప్పకపోతే ఊళ్ళో నీరటి మీదే నింద ఉండిపోతుంది. అది మాత్రం నేను మోయలేను.

రెండో మీటింగు బడిలో పెట్టలేదు. తూము దగ్గర, కట్ట మీదే పెట్టమని నేనడిగాను. చలికాలపు ఎండ వీపుకు హాయిగా తగులుతోంది. అందరూ తుమ్మచెట్ల కింద కూర్చున్నారు. నేను లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. మెట్లు చూపించాను, అంకెలు చూపించాను. నా కోదాడ మాట ఆ రోజు ఎవరికీ నవ్వు తెప్పించలేదు.

శిఖం వైపు నుంచి ఒకాయన లేచాడు. “గుంట భూమి లేనోళ్ళకు రాత అప్పజెప్తే గిట్లనే అయితది! పంట పోయింది ఎవలిది?” అని అరిచాడు. ఆయన అన్నదాంట్లో నేను కాదనడానికి ఏమీ లేదు. ఇంకొకరు, ఆ పుస్తకం చెరువులో పారేయమన్నారు. అప్పుడు పల్లపు చేను ఆమె లేచింది. ఆమె మీటింగులో మాట్లాడటం అదే మొదటిసారి. చెంగు భుజం చుట్టూ కప్పుకుని, నన్ను కాదు, అందరినీ చూసి మాట్లాడింది.

“టీచరమ్మ తప్పు రాసింది. ఒప్పుకున్నది. మరి మనమందరం వేలు పెట్టినం గద? ఏం రాసినవమ్మా, జర సదువు అని మనలో ఒక్కరన్న అడిగినమా? నేనూ అడగలే. అడిగితే నవ్వుతరని భయం.” నా చేతిలోని పుస్తకం వైపు వేలు చూపించింది. “ఇగ మీదట రాసినంక సదివి ఇనిపించాలె. మెట్లు ఎన్నో, గా రంగు అంకె ఎంతో, రెండూ చెప్పాలె. అయినంకనే నేను వేలు పెడ్త. లేకుంటే పెట్ట.”

ఎవరూ ఎదురు చెప్పలేదు. అయితే నీళ్ళు దించే మాట దగ్గర చేపల సంఘం పెద్ద అడ్డం తిరిగాడు. రెండడుగులు నీళ్ళు ఎక్కువ ఉన్నాయని వాళ్ళు ఇంకో మారు పిల్లలను విడిచారట. ఒక్కసారి తూము ఎత్తితే చేపలు కొట్టుకుపోతాయన్నాడు. చాలాసేపు అటూ ఇటూ అయింది. చివరికి నీరటి మధ్యలోకి వచ్చాడు. తూముకు వల జాలీ కట్టి, రోజుకు నాలుగు వేళ్ళకు మించకుండా దించుతానన్నాడు. “నాలుగు వేళ్ళంటే నా వేళ్ళు, నీయి గాదు” అని చేపల పెద్ద లావు చేతులు చూసి అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వాక తగాదా ముందుకు సాగలేదు.

ఈసారి నేను ‘తూము మెట్లు పైనుంచి ఆరు తేలిన చోట, అనగా గేజీ మీద నాలుగు అడుగుల వద్ద’ అని రాశాను. రెండుసార్లు గట్టిగా చదివాను. ఆమె ముందుకొచ్చి అందరికంటే మొదట వేలిముద్ర వేసింది.

ఆమె చేను తేలేసరికి మక్కకు అదను దాటిపోయింది. ఆ నష్టాన్ని ఏ తీర్మానమూ పూడ్చలేకపోయింది. ఆమె నువ్వులు చల్లింది. మాఘం చివర ఒకరోజు బడి అయ్యాక నన్ను తీసుకుపోయి చూపించింది. చెరువు బురద ఎండి నల్లగా పగుళ్ళు తేలిన చోట మోకాలెత్తు నువ్వు చేను, తెల్లని పూలు. “మక్కలంత కాదు గని, ఉత్తగ పోలే” అంది. నన్ను ఓదార్చడానికి అన్నట్టు కాదు, ఉన్నమాట అన్నట్టు అంది. ఆ మాట నాకు ఎంతో మేలు చేసింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఏడాదికి మూడుసార్లు ఆ మీటింగులు జరిగాయి. వాన పడకముందు ఒకటి, చెరువు నిండాక ఒకటి, కార్తీకంలో ఒకటి. ప్రతిసారీ నేనే రాసేదాన్ని. మార్చండని అడిగితే “ఒకసారి తప్పు చేసినోళ్ళే నయం, భయముంటది” అన్నాడు చేపల పెద్ద. ఇప్పుడు తలుచుకుంటే ఆ మీటింగులన్నీ ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా అనిపిస్తాయి. ఎవరో ఒకరు ఉడకబెట్టిన శనగ గుడాలు తెచ్చేవాళ్ళు. కాగితం ముక్కలో పోసుకుని తింటూనే కొట్లాడేవాళ్ళు. మొదట్లో వెనక కూర్చునే ఆడవాళ్ళు మెల్లగా ముందుకొచ్చారు. ఒక ఏడు చాకలి రేవు దగ్గర నీళ్ళు చాలడం లేదని ఒకామె లేస్తే, ఆమె మాట కూడా తీర్మానంలోకి ఎక్కింది. రాయడం అయ్యాక నేను లేచి గట్టిగా చదివేదాన్ని. నీరటి కళ్ళు మూసుకుని వినేవాడు. మెట్ల లెక్క దగ్గరికి రాగానే కళ్ళు తెరిచి “ఆఁ, కరెక్ట్” అనేవాడు. ఆయన ఆ మాట అన్నాకే నేను తర్వాతి వాక్యానికి పోయేదాన్ని.

నా మాట కూడా ఎప్పుడు మారిందో మారింది. ఒకసారి కోదాడ పోయినప్పుడు మా అమ్మతో “ఇగ నేను పోతున్న” అన్నానట. మా అమ్మ వారం రోజులు అందరికీ చెప్పి నవ్వింది.

మిర్యాలగూడకు బదిలీ అయిన ఏడు చివరి మీటింగులో పుస్తకం ఎవరికివ్వాలనే చర్చ వచ్చింది. మా బడిలో చదివి, డిగ్రీ పూర్తి చేసి ఊళ్ళోనే మీసేవ కేంద్రం నడిపే ఒకమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయి వాళ్ళకు చెరువు కింద భూమి ఉంది. ఈసారి దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. నీరటి నన్ను బస్సు దాకా సాగనంపాడు. బస్సెక్కాక కిటికీ దగ్గరికి వచ్చి, “పోయిరా బిడ్డా. ఆడ కూడా పెద్ద కాలువ ఉంటదట గద, జర సూస్తుండు” అన్నాడు. మిర్యాలగూడలో కాలువ మీద నేను ఏం చూడాలో ఆయన చెప్పలేదు. అయినా సాగర్ కాలువ వంతెన దాటినప్పుడల్లా నీళ్ళు ఎంతున్నాయని తొంగి చూడటం నాకు అలవాటైపోయింది.

రెండేళ్ళకు నీరటి తాత పోయాడని ఫోనొచ్చింది. ఆ రోజు నేను బడిలో పరీక్షల డ్యూటీలో ఉన్నాను. వెళ్ళలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆయన కొడుకు హైదరాబాదులో ఆటో నడుపుతాడు. అతను తూము పనికి రాలేదు. మరి తూము ఎవరు చూస్తున్నారని అడిగితే, పల్లపు చేను ఆమె చూస్తోందన్నారు. మొదట నమ్మలేదు. నీరటి మంచాన పడ్డ ఏడాది ఆమెకు దగ్గరుండి నేర్పాడట. మగవాళ్ళు కొందరు గొణిగారట గాని, మీటింగులో ఎదురు చెప్పిన వాళ్ళు లేరట.

పోయిన కార్తీకంలో ఊరివాళ్ళు నన్ను మీటింగుకు పిలిచారు. పెద్ద మనిషిగా కాదు, ఊరికే రమ్మని. మిర్యాలగూడలో పొద్దున బస్సెక్కి సూర్యాపేటలో మారి పోయాను. ఆ ఇంజినీరు బదిలీ అయిపోయి చాలా కాలమైంది. ఇప్పుడున్నాయన రాలేదు. ఆయన కోసం ఎవరూ ఎదురుచూడలేదు కూడా. పుస్తకం పట్టుకున్న అమ్మాయి నీటి మట్టం ఫోటోలు వాట్సాప్ గ్రూపులో రోజూ పెడుతుందట. అయినా అందరూ కట్ట మీదికే వచ్చారు. నేను వెనక, ఒక తుమ్మచెట్టు కింద కూర్చున్నాను. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నాకు అది ఎంతో బాగా అనిపించింది.

ఈసారి తగాదా కొత్తది. ఎగువ ఊరివాళ్ళు తమ కుంటకు కూడా ఈ కాలువ నుంచే నీళ్ళు కావాలంటున్నారు. వాళ్ళ మనుషులు నలుగురు వచ్చి కూర్చున్నారు. ఇస్తే చెరువులో ఎంత తగ్గుతుంది, ఎన్ని రోజులివ్వాలి, ఎక్కడ ఆపాలి? పల్లపు చేను ఆమె చేతిలో ఇనుప కడ్డీతో మెట్టు మీద నిలబడి గట్టిగా మాట్లాడుతోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఒకప్పుడు నవ్వుతారని భయపడ్డ మనిషి ఈమేనా అనుకున్నాను. చేపల పెద్ద కూడా ముసలివాడయ్యాడు గాని గొంతు మాత్రం తగ్గలేదు.

నాలుగున్నర అయింది. నా బస్సు టైము. ఎటూ తేలలేదు. లేవబుద్ధి కాలేదు గాని, సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సు తప్పితే మా ఆయన పరేషాన్ అవుతాడు. మెల్లగా లేచి వచ్చేశాను. సూర్యాపేట బస్టాండులో చాయ్ తాగుతూ ఉండబట్టలేక ఆమెకు ఫోన్ చేశాను.

“ఏమైందక్కా? ఎంత దగ్గర ఆపారు?”

వెనక అందరి గొంతులూ వినిపిస్తున్నాయి. చేపల పెద్ద ఏదో అరుస్తున్నాడు.

“ఇంక తెగలే టీచరమ్మా. నడుస్తనే ఉన్నది. ఇగో, ఎగువోళ్ళు నాలుగు రోజులంటున్నరు, మనోళ్ళు రెండంటున్నరు” అంది. తర్వాత నవ్వింది. “నువ్వు బస్సెక్కు. తెగినంక నేనే ఫోన్ జేస్త.”

బస్సు పెన్‌పహాడ్ దాటాక ఫోను మోగింది. మూడు రోజులకు ఒప్పుకున్నారట.